రుజువు భారం ఎవరిది? హిమాయత్ సాగర్ తీర్పు, మెదడును చేరే ప్లాస్టిక్

శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె నుంచి పారిశ్రామిక రసాయనాలు తయారు చేసేందుకు తలపెట్టిన ఒక కర్మాగారానికి అనుమతి నిరాకరించిన నాటి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ఆ నిరాకరణను నిలబెట్టుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆధునిక సాంకేతికతతో వ్యర్థాలు బయటికి పోకుండా చూసుకుంటామని పరిశ్రమ చెప్పింది. వాడేసిన నికెల్ ఉత్ప్రేరకం వంటి వ్యర్థాలు వాన నీటితోనో భూగర్భ జలంతోనో కలిసి హైదరాబాద్‌కు తాగునీరిచ్చే హిమాయత్ సాగర్ జలాశయాన్ని చేరితే ఆ తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదని మండలి చెప్పింది. పరిశ్రమ వాదనకు నిపుణుల మద్దతు దొరికింది, అప్పీలు అధికారి పరిశ్రమ వైపే మొగ్గారు, హైకోర్టు కూడా దానిని సమర్థించింది. ఆ దశలో 1999 జనవరి 27న వెలువడిన సుప్రీంకోర్టు తీర్పు ఒక్క కర్మాగారం భవితవ్యాన్ని మించిన ప్రశ్నను చేతికి తీసుకుంది: ఒక రసాయనం హాని చేస్తుందా లేదా అన్న విషయంలో శాస్త్రం ఇంకా తుది మాట చెప్పలేకపోతున్నప్పుడు, ఆ అనిశ్చితి వల్ల కలిగే నష్టాన్ని ఎవరు మోయాలి?

జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన ఆ తీర్పు అంతకుముందు దశాబ్దాల్లో చెలామణిలో ఉన్న ‘ఇముడ్చుకునే శక్తి’ అనే భావనను, అంటే ప్రకృతి కొంతమేరకు కాలుష్యాన్ని తనలో కలుపుకొని హరించుకోగలదనీ ఆ మేర ఎంతో శాస్త్రం ముందుగానే కొలిచి చెప్పగలదనీ అనుకునే నమ్మకాన్ని, పక్కన పెట్టి దాని స్థానంలో ముందుజాగ్రత్త సూత్రాన్ని నిలిపింది. కోలుకోలేని హాని జరిగే అవకాశం సహేతుకంగా కనిపిస్తున్నప్పుడు పూర్తి రుజువు కోసం ఎదురు చూడకుండా అడ్డుకట్ట వేయాలన్నది ఆ సూత్రం. హాని జరుగుతుందని బాధితులు నిరూపించనక్కర్లేదనీ, హాని జరగదని నిరూపించాల్సిన భారం మార్పు తీసుకొస్తున్నవారిదేననీ చెప్పడం దానికి అనుబంధం. 2000 డిసెంబరు 1న ఇచ్చిన తుది తీర్పులో సుప్రీంకోర్టు ఆ పరిశ్రమకు ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపును కూడా కొట్టివేసింది. పర్యావరణ వివాదాలను తీర్చడానికి శాస్త్రజ్ఞులూ న్యాయమూర్తులూ కలిసి కూర్చునే న్యాయస్థానాలు కావాలని ఆ కేసులోనే జరిగిన ఆలోచన, తర్వాత లా కమిషన్ నివేదికగా మారి, చివరికి 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టానికి దారి తీసింది. ముందుజాగ్రత్త సూత్రం ఆ చట్టంలో 20వ సెక్షన్‌గా చోటు చేసుకుంది.

ఆ కేసు చుట్టూ తిరిగిన జలాశయం పుట్టుకకు కారణం ఒక వరద. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో హైదరాబాద్ వేలాది ప్రాణాలు కోల్పోయిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927 నాటికి హిమాయత్ సాగర్ సిద్ధమయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ జంట జలాశయాలు నగరానికి తాగునీరిచ్చాయి. 1996 మార్చి 8న వచ్చిన 111వ నంబరు జీవో వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలనూ పెద్ద నిర్మాణాలనూ నిషేధించింది. పెద్దషాపూర్ వివాదానికి కేంద్రమైన నిషేధం అదే. నగర తాగునీటి సరఫరాలో జలాశయాల వాటా 1.25 శాతం కన్నా తగ్గిపోయిందన్న కారణంతో 2022 ఏప్రిల్ 12న వచ్చిన 69వ నంబరు జీవో, నీటి నాణ్యతకు భంగం రాకూడదన్న షరతుతో, ఆ ఆంక్షలను తొలగించింది. ఈ రెండు ఉత్తర్వుల మధ్య నడిచిన రాజకీయ, స్థిరాస్తి చర్చ అందరికీ తెలిసిందే. అంతగా చర్చకు రాని సంగతి ఒకటుంది: ఈ చట్టాలన్నీ విషం అంటే కర్మాగారం గొట్టం నుంచి పారే ద్రవమనే ఊహించుకున్నాయి. 2008 మార్చిలో శంషాబాద్‌లో అంతర్జాతీయ విమానాశ్రయం మొదలై, దాని చుట్టూ గోదాములు, హోటళ్లు, ఔటర్ రింగ్ రోడ్డు వెంట కాలనీలు పెరిగిన ఈ కాలంలో, ఒక వర్గం రసాయనాలు ఏ గొట్టం అవసరమూ లేకుండా, తినే తిండి, తాగే నీటి వెంట నేరుగా ఒంట్లోకి వస్తున్నాయి.

ఆ వర్గాన్ని శాస్త్రజ్ఞులు ఎండోక్రైన్ డిస్రప్టర్లు అంటున్నారు. హార్మోన్ల వ్యవస్థ పనిని భంగపరిచే రసాయనాలు కాబట్టి హార్మోన్ భంగకాలు అని చెప్పుకోవచ్చు. థైరాయిడ్, పిట్యూటరీ, అడ్రినల్, అండాశయం, వృషణం వంటి గ్రంథులు నేరుగా రక్తంలోకి వదిలే సందేశ రసాయనాలే హార్మోన్లు. అవి కణాల మీదో లోపలో ఉండే గ్రాహకాలు అనే ప్రోటీన్లకు అతుక్కుని, ఏ జన్యువు ఎప్పుడు పని చేయాలో నిర్దేశిస్తాయి. వాటి మోతాదు ఎంత తక్కువంటే, రక్తంలో ఒక మిల్లీలీటరుకు గ్రాములో లక్ష కోట్లవ వంతుల లెక్కన కొలవాల్సిన హార్మోన్లు కూడా ఉన్నాయి. ప్లాస్టిక్ నుంచి వచ్చే కొన్ని అణువుల ఆకారం ఈ హార్మోన్లను పోలి ఉండడం వల్ల అవి అదే గ్రాహకానికి అతుక్కుని లేని సందేశాన్ని పుట్టిస్తాయి, లేదా అసలు హార్మోన్‌కు చోటు లేకుండా చేస్తాయి, లేదా హార్మోన్ తయారీనీ రవాణానూ విచ్ఛిత్తినీ దెబ్బతీస్తాయి. అందుకే వీటి విషయంలో మోతాదు పెరిగేకొద్దీ హాని పెరుగుతుందన్న సాధారణ విషశాస్త్ర లెక్క ప్రతిసారీ పనికిరాదు. అతి తక్కువ మోతాదులో కనిపించిన ప్రభావం, ఎక్కువ మోతాదులో గ్రాహకాలు స్పందించడం మానేసినప్పుడు కనిపించకపోవచ్చు.

ప్లాస్టిక్‌లో ఇలాంటి పదార్థాలు చాలా ఉన్నా, మెదడుకు సంబంధించి ఎక్కువగా పరిశీలించినవి రెండు కుటుంబాలు. మొదటిది బిస్ఫినాల్-ఎ. గట్టిగా, గాజులా పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌కు ఇదే ముడిసరుకు; డబ్బాల్లో నిల్వచేసే ఆహారానికి లోహపు గోడ తగలకుండా పూసే ఎపాక్సీ పూతకూ ఇదే మూలం. బస్ టికెట్లు, బిల్లులు, బోర్డింగ్ పాసులు అచ్చయ్యే థర్మల్ కాగితం మీద అక్షరం నల్లగా తేలడానికి పూసే రసాయనంగా కూడా ఇది వాడుకలో ఉంది. రెండోది థాలేట్లు. పీవీసీని మెత్తగా, వంగేలా చేయడానికి కలిపే ఈ నూనెలాంటి పదార్థాలు ప్లాస్టిక్ అణువులతో రసాయనికంగా బంధం ఏర్పరచుకోవు. గొలుసుల మధ్య ఊరికే ఇమిడి ఉంటాయి కాబట్టి, వేడి తగిలినా నూనె తగిలినా సులువుగా బయటికి వచ్చేస్తాయి.

బిస్ఫినాల్-ఎ ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుందన్న సంగతి కొత్తగా బయటపడిన రహస్యం కాదు. రష్యన్ రసాయనవేత్త అలెగ్జాండర్ డియానిన్ 1891లో తయారు చేసిన ఈ పదార్థానికి స్త్రీ హార్మోన్ గుణం ఉందని బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ డాడ్స్ 1936లోనే గుర్తించాడు. కృత్రిమ హార్మోన్ మందు కోసం వెతుకుతున్న ఆయన 1938లో అంతకన్నా బలమైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్‌ను తయారు చేయడంతో బిస్ఫినాల్-ఎ మందుగా మారకుండా మిగిలిపోయింది. గర్భస్రావం జరగకుండా దశాబ్దాల పాటు గర్భిణులకిచ్చిన ఆ రెండో మందు వల్ల, పుట్టిన ఆడపిల్లలకు యవ్వనంలో అరుదైన క్యాన్సర్ వస్తోందని 1971లో తేలింది. మొదటిది మాత్రం 1950లలో పాలీకార్బొనేట్ రూపంలో పరిశ్రమలోకి ప్రవేశించి ప్రపంచమంతా పాకింది. హార్మోన్ గుణం ముందే తెలిసిన ఒక పదార్థాన్ని తిండికి తగిలే వస్తువుల్లోకి అనుమతించినప్పుడు, అది సురక్షితమని ముందుగా నిరూపించాలని ఎవరూ అడగలేదు. ఈ మొత్తం కథలో అత్యంత విచారకరమైన ఘట్టం ఇదే.

హార్మోన్ల మాట రాగానే సంతానోత్పత్తి గుర్తొస్తుంది గానీ జ్ఞాపకం గుర్తుకు రాదు. నిజానికి మెదడులో కణతల లోపలి భాగంలో ఉండి కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోకాంపస్ అనే భాగం ఈస్ట్రోజెన్‌కు బాగా స్పందిస్తుంది. ఆడవారిలోనే కాదు, మగవారి మెదడులో కూడా టెస్టోస్టిరాన్ అక్కడికక్కడే ఈస్ట్రోజెన్‌గా మారి పనిచేస్తుంది. నాడీకణం శాఖల మీద మొటిమల్లా పొడుచుకొచ్చే అతిసూక్ష్మమైన ముళ్ల దగ్గర ఒక కణం మరో కణానికి సందేశం అందిస్తుంది. ఈ అనుసంధాన స్థానాలను నాడీసంధులు అంటారు. నేర్చుకోవడం అంటే శరీరశాస్త్ర పరిభాషలో చాలా వరకు ఈ సంధులు ఏర్పడడం, బలపడడం, అవసరం లేనివి తొలగిపోవడమే. ఈస్ట్రోజెన్ ఆ ముళ్ల సంఖ్యను పెంచుతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన చబా లెరాంత్ బృందం 2005లో ఎలుకల మీద జరిపిన ప్రయోగంలో, బిస్ఫినాల్-ఎ ఇచ్చినప్పుడు హిప్పోకాంపస్‌లో ఈ పెరుగుదల ఆగిపోయిందని తేలింది. అదే బృందం 2008లో మనిషికి మరింత దగ్గరైన కోతుల్లో, అమెరికా పర్యావరణ సంస్థ రోజూ సురక్షితమని అప్పటికి చెబుతున్న మోతాదునే, అంటే కిలో శరీర బరువుకు 50 మైక్రోగ్రాముల చొప్పున ఇచ్చి చూసినప్పుడు, జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోకాంపస్‌లోనూ ఆలోచనకూ నిర్ణయానికీ ఆధారమైన ముందు మెదడు పొరలోనూ ఈస్ట్రోజెన్ వల్ల రావాల్సిన కొత్త సంధులు రాకుండా పోయాయి. నియంత్రణ సంస్థ గీసిన గీత దగ్గరే హాని కనిపించిందంటే, ఆ గీతను గీసిన పద్ధతినే తిరిగి చూసుకోవాలి.

గర్భస్థ శిశువు విషయం ఇంకా సున్నితమైనది. గర్భం తొలి నెలల్లో శిశువుకు సొంత థైరాయిడ్ గ్రంథి పనిచేయదు. మెదడు కణాలు పుట్టి, తమతమ స్థానాలకు తరలి, పొరలుగా అమరే ఆ దశకు కావాల్సిన థైరాయిడ్ హార్మోన్ అంతా తల్లి నుంచే రావాలి. తల్లిలో ఆ హార్మోన్ తగ్గితే బిడ్డ తెలివితేటలు దెబ్బతింటాయన్న సంగతి అయోడిన్ లోపం ద్వారా లోకానికి ఎప్పుడో తెలుసు. ఉప్పులో అయోడిన్ కలపడం వెనకున్న కారణాల్లో ఇదొకటి. బిస్ఫినాల్-ఎ థైరాయిడ్ హార్మోన్ గ్రాహకానికి అతుక్కుని దాని పనిని అడ్డుకోగలదని ప్రయోగశాలల్లో తేలింది. మావిని దాటి పిండానికి చేరగలదనీ తెలుసు. నాడీకణాల ఎదుగుదలకూ జ్ఞాపకానికీ అవసరమైన బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ జన్యువు మీద, పిండ దశలో తగిలిన బిస్ఫినాల్-ఎ రసాయన ముద్రలు వేయగలదని, జన్యువు అక్షరాలు మారకుండానే దాని పని మారిపోతుందని, ఎలుకల హిప్పోకాంపస్‌లోనూ మనుషుల బొడ్డుతాడు రక్తంలోనూ పరిశీలించిన ఒక పరిశోధన 2015లో వెలువడింది.

హిమాయత్ సాగర్ వంటి జలాశయాల పక్కన బతికేవారు తప్పక తెలుసుకోవాల్సిన పరిశోధన ఒకటి కెనడా నుంచి వచ్చింది. అల్బెర్టా రాష్ట్రంలో రెండు నగరాలకు తాగునీరిచ్చే ఓల్డ్‌మన్ నదిలో కొలిచిన బిస్ఫినాల్-ఎ పరిమాణమే తీసుకుని, కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ గాఢతలో జీబ్రా చేపల పిండాలను పెంచారు. ఆకలి, నిద్ర, హార్మోన్ల స్రావం వంటి వాటిని నడిపే హైపోథాలమస్ అనే మెదడు భాగంలో నాడీకణాలు వేళకు ముందే, లెక్కకు మించి పుట్టుకొచ్చాయి; పెరిగిన చేపపిల్లలు అతి చురుకుగా, నిలకడ లేకుండా ప్రవర్తించాయి. 2015లో ప్రచురితమైన ఆ పరిశోధనలో అంతకన్నా ఆలోచించాల్సిన అంశం ఇంకొకటుంది. ప్రజల ఆందోళనతో బిస్ఫినాల్-ఎ వదిలేసి, ‘బీపీఏ లేదు’ అన్న ముద్రతో కంపెనీలు వాడడం మొదలుపెట్టిన బిస్ఫినాల్-ఎస్ కూడా ఆ చేపల్లో అదే మార్పు తెచ్చింది, ఇంకా ఎక్కువగానే తెచ్చింది. ఒక్కొక్క రసాయనాన్ని విడిగా నిషేధించే పద్ధతిలో ఉన్న లోపం ఇక్కడ బయటపడుతుంది: ఒకదాని మీద రుజువులు పోగయ్యేలోపు దాని తోబుట్టువు మార్కెట్లోకి వచ్చేస్తుంది, మళ్లీ రుజువుల లెక్క మొదటి నుంచి మొదలవుతుంది.

మనుషుల మీద ఇలాంటి ప్రయోగాలు చేయకూడదు కాబట్టి, గర్భిణుల మూత్రంలో ఈ రసాయనాల అవశేషాలను కొలిచి, పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాలే ఆధారం. న్యూయార్క్ నగరంలో 328 మంది తల్లులనూ పిల్లలనూ గమనించిన కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, గర్భం చివరి నెలల్లో రెండు రకాల థాలేట్లు అత్యధికంగా ఉన్న పావు వంతు తల్లుల పిల్లలకు, అత్యల్పంగా ఉన్న పావు వంతు తల్లుల పిల్లలతో పోలిస్తే ఏడేళ్ల వయసులో ఐక్యూ 6 నుంచి 8 పాయింట్ల దాకా తక్కువగా వచ్చింది. స్వీడన్, అమెరికా తల్లీబిడ్డల మీద 2018లో వచ్చిన మరో అధ్యయనం థాలేట్లకూ పిల్లలకు మాటలు ఆలస్యంగా రావడానికీ సంబంధం చూపింది. స్వీడన్ తల్లుల శరీరాల్లో ఉన్న పాళ్లలోనే ఇలాంటి రసాయనాలను కలిపి, ప్రయోగశాలలో పెంచిన మానవ మెదడు కణజాలం మీదా కప్ప పిల్లల మీదా చేపల మీదా పరీక్షించి 2022లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఒక లోటును పూడ్చింది. అంతదాకా గణాంకాల్లో కనిపించిన సంబంధం వెనక థైరాయిడ్ వంటి జీవరసాయన మార్గాలున్నాయని అది చూపింది. విడివిడిగా పరిమితిలో ఉన్న రసాయనాలు కలిసినప్పుడు పరిమితి దాటుతాయన్నది కూడా అదే పరిశోధన చెప్పిన సంగతి.

ఐక్యూలో ఆరేడు పాయింట్ల తేడా ఒక బిడ్డ విషయంలో ఎవరికీ కనిపించదు. ఆ బిడ్డ బడికి వెళ్తుంది, చదువుతుంది, లెక్కల్లో కాస్త వెనకబడితే శ్రద్ధ లేదనే తల్లిదండ్రులు అనుకుంటారు. ఒక సమాజం మొత్తం సగటు అంత మేర కిందికి జరిగినప్పుడు మాత్రం, ప్రత్యేక సహాయం లేకుండా చదవలేని పిల్లల సంఖ్య గణనీయంగా పెరుగుతుంది. పెట్రోలులో కలిపిన సీసం విషయంలో ప్రపంచం ఈ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకుంది. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో గానీ మార్కెట్ నుంచి పోలేదు.

హైదరాబాద్‌కు ఈ శాస్త్రం పరాయిది కాదు. 1918లో కూనూరులో మొదలై తర్వాత తార్నాకకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గర్భంతో ఉన్న ఎలుకలకు బిస్ఫినాల్-ఎ ఇచ్చి, వాటి మగ సంతానంలో వీర్యకణాల ఎదుగుదలా వాటిలోని కొవ్వు ఆమ్లాలూ దెబ్బతింటున్నాయని చూపించారు. ప్లాస్టిక్ నుంచి వచ్చే హార్మోన్ భంగకాలు పిండం, మెదడు ఎదుగుదల మీద చూపే ప్రభావంపై ఓస్లో విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి వారు సమీక్షా వ్యాసాలు రాశారు. జలాశయానికి గంట ప్రయాణంలో ఇంత పరిజ్ఞానం ఉంది. దాన్ని పాలన వాడుకోవడం లేదు.

ఇక్కడ ఎదుటి వాదనను దాచకుండా చెప్పాలి. అమెరికా ప్రభుత్వ సంస్థలు భారీగా చేపట్టిన క్లారిటీ అనే పరిశోధన కార్యక్రమంలో, 2018లో వచ్చిన ప్రధాన నివేదిక ఎలుకల్లో తక్కువ మోతాదు బిస్ఫినాల్-ఎ వల్ల చెప్పుకోదగ్గ ప్రభావాలు లేవని తేల్చింది. అదే కార్యక్రమంలో భాగంగా విశ్వవిద్యాలయాల్లో పనిచేసినవారు మాత్రం మెదడుతో సహా పలు అవయవాల్లో మార్పులు చూశామన్నారు. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2023 ఏప్రిల్‌లో రోజువారీ సహ్య పరిమితిని కిలో శరీర బరువుకు 4 మైక్రోగ్రాముల నుంచి 0.2 నానోగ్రాములకు, అంటే 20,000 రెట్లు తగ్గించింది. జర్మనీ ప్రభుత్వ సంస్థ ఆ లెక్కతో విభేదించి అంతకు వెయ్యి రెట్లు ఎక్కువైన పరిమితి చాలంది. 2025లో అమెరికా శాస్త్రజ్ఞులు మరణించినవారి మెదళ్లలో సూక్ష్మ ప్లాస్టిక్ కణాలను కొలిచి, 2016 నాటి నమూనాల కన్నా 2024 నాటి వాటిలో అవి సుమారు 50 శాతం ఎక్కువనీ, మతిమరుపు వ్యాధితో చనిపోయినవారిలో ఇంకా ఎక్కువనీ ప్రకటించారు. మెదడులోని కొవ్వు ఆ కొలతను తప్పుదారి పట్టించి ఉండొచ్చని ఇతరులు అభ్యంతరం చెప్పారు, వ్యాధి వల్లే కణాలు పోగయ్యాయేమో అన్న అవకాశాన్ని పరిశోధకులు కూడా కొట్టిపారేయలేదు. శాస్త్రంలో ఇది ఆరోగ్యకరమైన తగాదా. కానీ ఒకే పదార్థం మీద రెండు ప్రతిష్ఠాత్మక సంస్థల అంచనాలు వెయ్యి రెట్ల తేడాతో ఉన్నప్పుడు, ‘రుజువు కాలేదు కాబట్టి వాడుకోవచ్చు’ అని చెప్పడం శాస్త్రం కాదు; అది అనిశ్చితిని వినియోగదారుడి నెత్తిన పెట్టే విధాన నిర్ణయం. పెద్దషాపూర్ కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది సరిగ్గా ఈ నిర్ణయాన్నే. ప్రకృతికి ‘ఇముడ్చుకునే శక్తి’ ఉందన్న వాదన జలాశయానికి చెల్లనప్పుడు, పిండం మెదడుకు ఎలా చెల్లుతుంది?

భారతీయ నియమాలు ఇంకా ఆ పాత భావన మీదే నడుస్తున్నాయి. పాలసీసాల్లో బిస్ఫినాల్-ఎ ఉండకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ 2015లో చెప్పింది. ఐరోపాలో ఆ నిషేధం 2011లోనే వచ్చింది. ఆహార ప్యాకేజింగ్‌కు 2018 నాటి నియమాలు కొన్ని పదార్థాలకు విడి పరిమితులు పెట్టినా, వాటి వెన్నెముక మాత్రం ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగే పదార్థాల మొత్తం బరువు కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరీక్ష. హార్మోన్‌లా ప్రవర్తించే అణువు హాని బరువును బట్టి ఉండదు కాబట్టి, ఆ పరీక్షలో గెలిచినంత మాత్రాన ఒక కవరు మెదడుకు సురక్షితమని చెప్పలేం. తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 పురుగుమందులనూ భార లోహాలనూ లెక్కలోకి తీసుకుంటుంది గానీ బిస్ఫినాల్-ఎ పేరు ఎత్తదు. ఐరోపా 2020 నాటి తాగునీటి ఆదేశంలో దానికి లీటరుకు 2.5 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. థర్మల్ కాగితంలో ఆ పదార్థాన్ని ఐరోపా 2020 జనవరి నుంచి దాదాపు నిషేధించింది, ఆహారానికి తగిలే వస్తువులన్నిటిలో నిషేధిస్తూ 2024 డిసెంబరులో నిర్ణయం తీసుకుంది.

నియమాలు ఇలా ఉండగా, వాడకం తీరు తెలుగు పట్టణాల్లో ఎలా మారిందో చూస్తే సమస్య తీవ్రత అర్థమవుతుంది. శంషాబాద్ బస్టాండు దగ్గరైనా, విమానాశ్రయానికి వెళ్లే దారిలో క్యాబ్ డ్రైవర్లు ఆగే చోటైనా, పొయ్యి మీంచి దించిన చాయ్‌ను పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇవ్వడం మామూలు. కర్రీ పాయింట్లలో సలసల కాగే సాంబారూ నూనె తేలే కూరలూ కవర్లలోకే వెళ్తాయి. పాలిథీన్ కవరుకు బిస్ఫినాల్-ఎ ముడిసరుకు కాదన్న మాట నిజమే. కానీ రంగు కవర్లలో, తుక్కు కరిగించి తీసిన నల్ల కవర్లలో ఏయే పాత ప్లాస్టిక్‌ల అవశేషాలున్నాయో అమ్మేవారికి కూడా తెలియదు. ఇరానీ హోటల్ పింగాణీ కప్పు, సాసరుకు బదులు వచ్చిన కాగితపు కప్పు లోపల కూడా ప్లాస్టిక్ పొరే ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు అందులో ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు విడుదలవుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో చూపించారు. పాలీకార్బొనేట్‌తో చేసిన 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఎండలో ఆటోల మీద తిరుగుతాయి, ఘాటైన క్షారాలతో కడిగి మళ్లీ మళ్లీ నింపుతారు. వేడీ క్షారమూ రెండూ ఆ ప్లాస్టిక్ బంధాలను తెంచి బిస్ఫినాల్-ఎను విడిపించేవే. ఏడాదంతా నిలవుండే ఆవకాయ జాడీలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. నూనె, ఉప్పు, పులుపు కలిసి ఒక గోడను నెలల తరబడి తాకుతూ ఉండే పరిస్థితిని ఏ ప్రయోగశాల కూడా ఇంత బాగా కల్పించలేదు.

ఈ చిత్రంలో ఒక ఊరట ఉంది. బిస్ఫినాల్-ఎ, థాలేట్లు సీసంలా ఎముకల్లో దాగి దశాబ్దాలు ఉండవు. కాలేయం వాటిని గంటల్లోనే మార్చి మూత్రం ద్వారా బయటికి పంపుతుంది. అమెరికాలో 2003–04లో ఆరేళ్లు దాటిన 2,517 మందిని పరీక్షిస్తే సుమారు 93 శాతం మంది మూత్రంలో బిస్ఫినాల్-ఎ కనిపించిందంటే, అది ఒంట్లో నిలిచిపోతోందని కాదు, ప్రతిరోజూ కొత్తగా వస్తోందని అర్థం. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఐదు కుటుంబాలకు మూడు రోజుల పాటు ప్లాస్టిక్ తగలకుండా వండిన తాజా ఆహారం పెట్టి చూసినప్పుడు వారి మూత్రంలో బిస్ఫినాల్-ఎ సగటున 66 శాతం తగ్గిపోయిందని 2011లో తేలింది. స్టీలు క్యారియర్, గాజు సీసా, పింగాణీ జాడీ, మోదుగాకు విస్తరి తెలుగు ఇళ్లు కొత్తగా నేర్చుకోవాల్సినవి కావు. అయితే పెద్దవారి శరీరం రెండు మూడు రోజుల్లో తేరుకుంటుందన్న మాట పిండానికి వర్తించదు, ఎందుకంటే మెదడు పొరలు అమరే వారాలు ఒక్కసారే వస్తాయి, ఆ వారాల్లో తప్పిన అమరిక తర్వాత సరికాదు.

వ్యక్తిగత జాగ్రత్తకు దీన్ని వదిలేయడం న్యాయం కాదన్నది కూడా గట్టిగా చెప్పాలి. పింగాణీ కప్పులో చాయ్ తాగే తీరిక ఉన్నవారికీ, గోదాములో పన్నెండు గంటలు సామాను మోస్తూ కవరు చాయ్, పార్శిల్ అన్నంతో రోజు గడిపే కూలీకీ ఎంపిక సమానం కాదు. నిర్మాణ పనుల చోట గర్భంతో ఇటుకలు మోసే వలస మహిళకు క్యాన్ నీరు తప్ప మరొకటి దొరకదు. రోజుకు వందల టికెట్లు చించే బస్ కండక్టరుకూ, బిల్లింగ్ కౌంటరులో కూర్చునే ఆడపిల్లకూ ఆ కాగితం మీది పూత ఏమిటో ఎవరూ చెప్పరు. ప్లాస్టిక్ సంచి మందం 120 మైక్రాన్లు ఉండాలనీ, కొన్ని వస్తువులు ఒక్కసారి వాడి పారేసేవి కాబట్టి 2022 జూలై 1 నుంచి అమ్మకూడదనీ చెప్పిన నియమాలు చెత్తను దృష్టిలో పెట్టుకున్నవి. వాటిలో మనిషి మెదడు ప్రస్తావన లేదు. మందమైన కవరు వీధిలో తక్కువ ఎగురుతుందేమో గానీ, అందులో పోసిన వేడి కూరకు ఆ మందం వల్ల ఒరిగేదేమీ లేదు.

చేయవలసింది అసాధ్యమైనదేమీ కాదు. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ నీటిలోనూ వాటిలోకి వచ్చే వాగుల్లోనూ బిస్ఫినాల్ల, థాలేట్ల పరిమాణాన్ని జలమండలి, కాలుష్య నియంత్రణ మండలి క్రమం తప్పకుండా కొలిచి ప్రజల ముందు పెట్టాలి. 69వ నంబరు జీవో పెట్టిన నీటి నాణ్యత షరతుకు అర్థం ఉండాలంటే కొలతలో ఈ పేర్లు ఉండి తీరాలి. వేడి ఆహారాన్నీ నూనె పదార్థాలనూ ప్లాస్టిక్ కవర్లలో ఇవ్వడాన్ని ఆహార భద్రత అధికారులు ఆపాలి, హోటళ్లకు స్టీలు గిన్నె తెచ్చుకునేవారికి ధర తగ్గించే పద్ధతి పెట్టాలి. ఆహారానికి తగిలే ప్లాస్టిక్‌లో ఏమేం కలిపారో తయారీదారు ప్రకటించాలి, బిస్ఫినాల్ కుటుంబాన్ని మొత్తంగా ఒకటిగా చూసి అనుమతించాలి లేదా నిరాకరించాలి, హార్మోన్ల మీద ప్రభావం లేదని చూపే పరీక్షల ఖర్చు తయారీదారే భరించాలి. జాతీయ పోషకాహార సంస్థ తోడుగా నిలోఫర్, పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులకు వచ్చే గర్భిణుల్లో, వారి సమ్మతితో, ఈ రసాయనాలను కొలిచి, పుట్టిన పిల్లల ఎదుగుదలను బడి వయసు దాకా గమనించే అధ్యయనాన్ని తెలంగాణ ప్రభుత్వం ఈ ఏడాదే మొదలుపెట్టాలి. దాని ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా, గర్భిణులకిచ్చే తొలి వైద్య సలహాలోనే వేడి తిండికీ నూనె తిండికీ ప్లాస్టిక్ వాడవద్దన్న మాట చేర్చాలి.